వాయిదాల చంద్రమౌళి సార్

చంద్రమౌళి సార్ జీవితంలో ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఆయన గెలుపు వాయిదా పడుతుంది, అంతే. పడుతూనే ఉంటుంది.

ఖిలా వరంగల్‌లో మట్టికోట గోడకు ఆనుకుని ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆయన పీఈటీ సార్. ఆ బడికీ, ఊరికి అవతలి పక్కనున్న మిల్లు హైస్కూల్‌కీ మధ్య ఏటా జనవరి ఇరవై ఐదున కబడ్డీ మ్యాచ్ జరుగుతుంది. ఒక ఏడు మిల్లు వాళ్లు మట్టికోట పిల్లల చేత నిజంగానే మట్టి కరిపించారు. స్కోరు నలభై ఎనిమిది, తొమ్మిది. చూడ్డానికొచ్చిన విలేకరికి జాలేసింది.

"ఇంత ఘోరంగ ఓడిపోయిండ్రు గద సార్, ఏమంటరు?"

"ఎవలు ఓడిపోయిండ్రు?" అని సార్ చుట్టూ చూశాడు, ఎవరైనా నిజంగా ఓడిపోయి ఉంటే పోయి ఓదారుద్దామన్నట్టు.

"మీరే సార్. ముప్పై తొమ్మిది పాయింట్ల తేడా."

"అవి వాయిదా పడ్డయి. వచ్చే ఏడు ముప్పై తొమ్మిదీ ఒక్కసారే తీసుకుంటం. రాస్కో."

విలేకరి పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఈ వాయిదా మైదానంలో ఉండిపోతే బాగానే ఉండేది. అది సార్ వెంటే ఇంటికి పోయింది. ఒకసారి ఆయన, భార్య శోభారాణి గారు హన్మకొండ చౌరస్తాకు చేరేసరికి తొర్రూరు బస్సు వాళ్ల కళ్ల ముందే కదిలి వెళ్లిపోయింది.

"మెల్లగ నడువకుండ్రి అంటే ఇన్నరా? బస్సు పాయె," అంది ఆవిడ.

"బస్సు ఎటు పోద్ది? మన పోవుడు వాయిదా పడ్డది."

"మీతోని నా లగ్గం ఎందుకు వాయిదా పడలేదో ఆ దేవునికే తెలువాలె," అని ఆవిడ చేతిసంచి కింద పెట్టి దాని మీదే కూర్చుంది.

మంగలి షాపులో కూడా ఇదే సంగతి. "మొత్తం జుట్టు పాయె గద సార్," అన్నాడు షాపతను అద్దంలో చూపిస్తూ.

"పోలే. వాయిదా పడ్డది."

"మరి నేనేం కత్తిరియ్యాలె?"

"గడ్డం గీకు. అదొక్కటే టైముకు వస్తాంది."

అన్నిటికన్నా పెద్ద వాయిదా మాత్రం కాకతీయులది. ఓ రోజు సోషల్ టీచర్ సెలవు పెడితే సార్ ఎనిమిదో తరగతికి వెళ్లాడు. ప్రతాపరుద్రుడు ఢిల్లీ సైన్యం చేతిలో ఓడిపోయాడని పుస్తకంలో ఉన్నది ఒక పిల్ల చదివింది. సార్ పుస్తకం మూయించి కిటికీ తెరిచాడు.

"బయట కోటగోడ ఉన్నదా?"

"ఉన్నది సార్."

"గోడ ఉన్నంక ఓడుడేంది? ఏడువందల ఏండ్ల సంది వాయిదా నడుస్తాంది."

ఆ ఏడు పరీక్షలో ముగ్గురు పిల్లలు 'ప్రతాపరుద్రుడు యుద్ధమును వాయిదా వేసెను' అని రాశారు. వాళ్ల మార్కులు కూడా వాయిదా పడ్డాయి.

ఇవన్నీ చెప్పుకుని వరంగల్ అంతా నవ్వుతుంది. నవ్వనివాడు ఒక్కడే ఉన్నాడు. వాడి పేరు మొగిలి.

మొగిలికి ఇరవై ఏడేళ్లు. గోడల మీద, బోర్డుల మీద అక్షరాలు రాసే పెయింటర్. ఇంటర్ మధ్యలో మానేసి, ఆ తర్వాత లైబ్రరీలో మూలనున్న బల్ల దగ్గర కూర్చుని తనకు తానే చదువుకున్నాడు. చదువు ఎక్కువై, పని తక్కువై, ప్రపంచం మీద కోపం పెరిగింది. ప్రపంచం చాలా పెద్దది కాబట్టి ఆ కోపాన్ని మడిచి, మడిచి, ఒక్క చంద్రమౌళి సార్‌కు సరిపడేంత చేసి పెట్టుకున్నాడు. ఎందుకంటే మొట్టమొదటి వాయిదా వాడిదే.

అది అర్థం కావాలంటే ముందు మట్టికోట బడి సంప్రదాయం తెలియాలి. ఆ బడికి పైకప్పు సరిగా లేదు. నల్లాలో నీళ్లు సరిగా రావు. మరుగుదొడ్డి శంకుస్థాపన రాయి దగ్గరే ఆగింది. కానీ మర్యాద మాత్రం నిండుగా ఉంది. ఎప్పుడో మొదటి హెడ్‌మాస్టర్ పెట్టిన నియమం అది. సార్ కనబడితే పిల్లలు ఏ పని చేస్తున్నా ఆపి, నిటారుగా నిలబడి, కోటగోడకు వినబడేలా "నమస్తే సార్" అనాలి. సార్ "కూర్చో" అనాలి. అప్పుడు కూర్చోవాలి. తరగతిలో మొదలైన ఈ నియమం వరండా దాటి, గేటు దాటి, పిల్లల ఎముకల్లోకి దిగిపోయింది. చింతచెట్టు మీంచి జారిన ఒక పిల్లవాడు కింద సార్ కనబడేసరికి గాలిలోనే "నమస్తే సార్" అని, నేల మీద పడ్డాకే ఏడవడం మొదలుపెట్టాడని చెబుతారు. వాడు ఇప్పుడు ఆర్టీసీ కండక్టర్. ఇప్పటికీ టికెట్ ఇచ్చే ముందు నమస్తే పెడతాడు.

రెండు వేల పదమూడు జనవరి. చంద్రమౌళి సార్ హసన్‌పర్తి వైపు బడి నుంచి బదిలీ మీద వచ్చిన మొదటి ఏడు. మొగిలి పదో తరగతి, జట్టులో మొదటి రైడర్. వాడు కూత ఎత్తితే మధ్యలో తెగడమన్నది ఉండేది కాదు. ఆ రోజు ఆఖరి రైడ్‌కు మిల్లు వాళ్లు ముప్పై, మట్టికోట వాళ్లు ఇరవై తొమ్మిది. మొగిలి "కబడ్డీ కబడ్డీ" అంటూ లోపలికి పోయాడు. ఒకణ్ని కాలితో తాకాడు. మిల్లు కెప్టెన్ విజయ్‌కుమార్ నడుము పట్టబోతే వాడి వీపు తాకి, కిందికి వంగి, చేపలా జారి వెనక్కి తిరిగాడు. రెండు పాయింట్లు. మధ్యగీత తాకితే చాలు. జానెడు దూరం.

ఆ సంతోషంలో చంద్రమౌళి సార్ ఆగలేకపోయాడు. పరుగెత్తుకొచ్చి సరిగ్గా మధ్యగీత మీద నిలబడ్డాడు, చేతులు చాపి.

మొగిలి తలెత్తాడు. ఎదురుగా సార్.

"కబడ్డీ కబడ్డీ కబ... నమస్తే సార్!"

కూత తెగింది. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ ఇరవై ఏడేళ్ల ఉద్యోగపు అలవాటు సార్ నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"కూర్చో."

మొగిలి కూర్చున్నాడు. గీతకు జానెడు ఇవతల, మిల్లు వాళ్ల వైపు, చక్కగా బాసిపట్లు వేసుకుని.

రిఫరీ ఈల వేయడానికి కూడా కాసేపు పట్టింది. పాపం, రూల్ బుక్కులో ఇది లేదు. తర్వాత మిల్లు వాళ్లు ఎగిరారు, దొర్లారు, ఒకరి మీద ఒకరు పడ్డారు. విజయ్‌కుమార్ వచ్చి సార్ ముందు చేతులు జోడించాడు.

"మీ పిలగాడు బంగారం సార్. కప్పుకన్న మర్యాద పెద్దదని సూపిచ్చిండు."

సార్ వరండాలో, ప్రతి ఏటి మ్యాచ్ ఫలితం రాసే నల్లబోర్డు దగ్గరికి వెళ్లాడు. అందులో డెబ్బైనాలుగు నుంచి గెలుపు, ఓటమి, గెలుపు, ఓటమి అని వరసగా ఉన్నాయి. రంగు డబ్బాలు తెప్పించి ఏదో రాసి, మైదానంలోకి తిరిగొచ్చి అందరూ వినేలా ప్రకటించాడు.

"మ్యాచ్ అయిపోలే. వాయిదా పడ్డది."

ఎండదెబ్బ అనుకున్నారందరూ. మొగిలి మాత్రం ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. లేవమని ఎవరూ చెప్పలేదు మరి.

ఆ రోజు నుంచి వాడు నమస్తే మొగిలి. ఊళ్లో వాడి ఇంటిపేరు ఎవరికీ తెలియదు. కాలేజీకి పోతే అక్కడ మిల్లు బడి పిల్లలు ఉన్నారు. వాడు తరగతిలోకి రాగానే అందరూ కలిసి "కూర్చో" అనేవాళ్లు. అందుకే ఇంటర్ మధ్యలో మానేశాడు. పెళ్లిచూపులకు పోతే గుమ్మంలో మర్యాదగా "నమస్తే అండీ" అన్నాడు. పిల్ల అన్న గభాలున లేచాడు.

"నాయినా, ఈయనే! నేను చెప్పలే? నమస్తే మొగిలి!"

చాయ్ తెస్తున్న పిల్లకు ఎంత నవ్వొచ్చిందంటే, కప్పుల్లో ఉన్నదంతా ట్రేలోకి వచ్చింది. సంబంధం కుదరలేదు. ఆ సంగతి విన్న చంద్రమౌళి సార్ వెదికి వచ్చి మరీ చెప్పాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. వాయిదా పడ్డది."

మొగిలికి ఒళ్లు మండింది. లైబ్రరీలో కూర్చుని వాడు ఒక సిద్ధాంతం తయారుచేసుకున్నాడు. అయిపోయిన సంగతిని జనం మరిచిపోతారు. ఎనభై ఎనిమిదిలో మట్టికోట ఓడింది. ఎవడి వల్ల ఓడిందో ఎవడికైనా గుర్తుందా? లేదు. ఓడింది, రాశారు, అయిపోయింది. కానీ పదమూడులో ఓడలేదు, వాయిదా పడింది. వాయిదా పడింది కాబట్టి ఇంకా నడుస్తోంది. నడుస్తోంది కాబట్టి రోజూ ఎవడో ఒకడు నమస్తే పెడుతున్నాడు. ఆ ముసలాయన ఒక్కసారి నోరు తెరిచి 'ఓడిపోయినం' అంటే చాలు, తన జీవితం మొదలవుతుంది.

ఆయన అనలేదు. పన్నెండేళ్లు అలాగే గడిచాయి. బోర్డు మీద కింద కిందకి వాయిదా, వాయిదా, వాయిదా అని దిగుతూ పోయింది. ఇరవై ఒకటిలో కరోనా వల్ల బళ్లు మూసి మ్యాచ్ జరగలేదు. ఆ ఏడు సార్ 'నిజంగానే వాయిదా' అని రాశాడు.

ఈ మధ్యలో మొగిలి పని కూడా పోయే దశకు వచ్చింది, ఫ్లెక్సీల వల్ల. ఇప్పుడు ఎవడి పుట్టినరోజు వచ్చినా ఇరవై అడుగుల ఫ్లెక్సీ. అందులో పుట్టినవాడి ముఖం కన్నా శుభాకాంక్షలు చెప్పేవాళ్ల ముఖాలే ఎక్కువ. మూడు నెలల్లో రంగు వెలిసి అది గొర్రెల దొడ్డి మీదికి చేరుతుంది. అక్కడ మన నాయకుడు చేతులు జోడించి గొర్రెలకు నమస్తే పెడుతూ ఉంటాడు. ఈ ఫ్లెక్సీలన్నీ ముద్రించే షాపు ఎవరిదనుకున్నారు? విజయ్‌కుమార్‌ది. దేవుడు కూడా మిల్లు హైస్కూల్‌లోనే చదివాడని మొగిలి నమ్మకం.

రెండు వేల ఇరవై ఐదు జనవరి మొదట్లో చంద్రమౌళి సార్ మొగిలి ఇంటికి వచ్చాడు. నెలాఖరుకు ఆయన రిటైర్మెంట్.

"మొగిలీ, వరండాల బోర్డు మాసిపోయింది. డెబ్బైనాలుగు సంది అన్ని లైన్లు మల్ల రాయాలె. హెచ్ఎం సునీత మేడం ఫ్లెక్సీ వేయిద్దామంటాంది. నేను వద్దన్న. అక్షరం అంటే మా మొగిలి చెయ్యే."

మొగిలి వద్దనబోయాడు. అంతలోనే ఒక ఆలోచన వచ్చి వాడి ముఖం వెలిగింది. బోర్డు తన చేతికొస్తుంది. పదమూడు దగ్గర, వాయిదా తీసేసి, ఎర్రరంగుతో, అడుగు ఎత్తు అక్షరాలతో, 'ఓటమి'.

"రాస్త సార్," అన్నాడు.

చాయ్ హోటల్ దగ్గర ఈ సంగతి విజయ్‌కుమార్‌కు తెలిసింది. "ఏమోయ్ నమస్తే, బోర్డు రాస్తానవట! మీది బడి కాదుర బై, జిల్లా కోర్టు. అన్ని వాయిదాలే!"

"ఈసారి తీర్పు వస్తది," అన్నాడు మొగిలి పళ్లు కొరుకుతూ.

"నువ్వు రాస్తే ఏమొస్తది? ఆయన నోటితోని చెప్పాలె. ముప్పై ఒకటో తారీకు సభల, మైకుల, 'ఓడిపోయినం' అని మీ సార్‌తోని ఒక్కసారి అనిపియ్యి. ఆ రోజు సంది నిన్ను నమస్తే అన్నోన్ని నేనే తంత. నేను కూడ మొగిలి గారు అంట."

మొగిలి గారు! ఆ మాట వాడి చెవిలో గుడిగంటలా మోగింది.

బోర్డు వరండా గోడకే బిగించి ఉంది కాబట్టి వాడు రోజూ బడికి పోవాల్సి వచ్చింది. పోయినప్పుడల్లా సార్ చేత ఆ మాట అనిపించాలని చూశాడు. మొదట క్యారమ్స్ ఆడదామన్నాడు. సార్ ఒక్క కాయిన్ కూడా వేయలేదు. మొగిలి రెడ్ కూడా వేసేసి, స్ట్రైకర్ పక్కన పెట్టి, ఎదురుచూశాడు.

"ఏమైంది సార్ ఇప్పుడు?"

"ఏమైంది? చాయ్ టైమైంది. ఆట వాయిదా."

మర్నాడు పత్రికలో గళ్లనుడికట్టు పట్టుకొచ్చాడు. "సార్, ఒకటి దొరుకుతలేదు. గెలుపుకు వ్యతిరేక పదం. మీరే చెప్పాలె."

సార్ గోడ మీదికి చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. మొగిలి ఊపిరి బిగబట్టాడు.

"రేపు," అన్నాడు సార్.

"మూడక్షరాలు సార్!"

"ఎల్లుండి."

ఎల్లుండిలో అక్షరాలు లెక్కపెట్టేంత ఓపిక కూడా మిగలక మొగిలి పత్రిక చింపేశాడు.

ఇరవై ఐదున ఎప్పటిలాగే మ్యాచ్ జరిగింది. ఆ రోజే సార్ స్థానంలో రాబోయే కొత్త పీఈటీ శ్రీలత మేడం బడి చూడ్డానికి వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి, మెడలో ఈల, నడకలోనే పరుగు. హసన్‌పర్తి దగ్గర చంద్రమౌళి సార్ పాత బడిలో ఆయన దగ్గరే కబడ్డీ నేర్చుకున్నదట. మొగిలి వరండాలో గరుకు కాగితంతో బోర్డు రుద్దుతుంటే దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, మ్యాచ్ నడుస్తాంది, సార్ ఏడి?"

"నీళ్ల ట్యాంకు ఎనుక ఉంటడు మేడం."

"ట్యాంకు ఎనుక ఏం చేస్తాండు?"

"గంతే. మ్యాచ్ అయ్యేదాక మొకం గోడకు పెట్టి నిలబడ్తడు. ఏటా అంతే. అది ఇంకో పిచ్చి."

శ్రీలత నమ్మలేదు. "మా సారేనా? మా దగ్గర ఆయన్ని గీత మీదికెళ్లి జరుపుడే పెద్ద పని. ఇద్దరం రెక్కలు పట్టి పక్కకు గుంజేది."

అప్పుడే మైదానంలో ఈల మోగింది. ముప్పై ఐదు, ఇరవై. ట్యాంకు వెనకనుంచి చంద్రమౌళి సార్ గొంతు వినబడింది. "వాయిదా పడ్డదారా? మంచిది. అన్నం తినుండ్రి!"

"వాయిదానా?" అంది శ్రీలత.

"ఓడిపోయినం అనడు మేడం. పుట్టినకాడి నుంచి ఆయన నోట్ల ఆ మాట రాలేదు."

శ్రీలత బోర్డు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"రాకపోవుడేంది! ఓడిన రోజు మమ్మల్ని ఒక్కో రౌండుకు 'ఓడినం, ఓడినం' అని ఒర్లుకుంట గ్రౌండు సుట్టు పది రౌండ్లు ఉరికిచ్చేటోడు. ముందల ఆయనే ఉరికేది. 'ఓడుడు ఉప్పు లెక్క, కొంచెం నోట్లె పడాలె' అనేటోడు. గీ వాయిదా ముచ్చట మేమెన్నడూ ఇనలే. ఎప్పటి సంది?"

మొగిలి చేతిలో గరుకు కాగితం ఆగిపోయింది.

ఆమె వెళ్లిపోయాక వాడు పదమూడో సంవత్సరం లైను దగ్గరికి వచ్చాడు. రుద్దాడు. మిగతా లైన్లలో తెల్లరంగు పొడిగా రాలి కింద చెక్క కనబడింది. ఇక్కడ మాత్రం 'వాయిదా' కింద నల్లరంగు ఒక అట్టలా లేచింది. గోరుతో తీశాడు. దాని కింద ఇంకో తెల్ల అక్షరం ఉంది. పెయింటర్ కాబట్టి చూడగానే తెలిసింది, తడి ఆరకముందే ఎవరో హడావిడిగా కప్పేశారని.

'ఓ'.

ఒక్క 'ఓ'. పక్కన 'ట' వంపు మొదలై ఆగిపోయింది.

మొగిలి వెనక్కి తిరిగి చూశాడు. స్టూలు మీద నిలబడి బోర్డు రాసేవాడికి భుజం మీదుగా మైదానం మొత్తం కనబడుతుంది. ఆ రోజు మధ్యగీతకు జానెడు ఇవతల బాసిపట్లు వేసుకుని కూర్చున్న ఒక పిల్లవాడు కూడా కనబడి ఉంటాడు.

వాడికి మెల్లగా ఒక్కొక్కటే అర్థమైంది. ఆ ఒక్క మ్యాచ్‌కే వాయిదా అని ఊరుకుంటే అది జాలి అని తెలిసిపోతుంది. అందుకని ముసలాయన దాన్ని బస్సుకు రాశాడు, బట్టతలకు రాశాడు, ప్రతాపరుద్రుడికి కూడా రాశాడు. ఊరంతా తనను చూసి నవ్వేలా చేసుకున్నాడు. ఇంకో పిల్లవాడి కూత తన ముఖం చూసి తెగకూడదని పన్నెండేళ్లు మ్యాచ్‌కు బదులు నీళ్ల ట్యాంకును చూశాడు. ఇంత తెలివితక్కువ మంచితనం మొగిలి ఏ పుస్తకంలోనూ చదవలేదు. వాడికి ఏడుపు రావాలి. కానీ ట్యాంకుకు ముఖం పెట్టుకుని నిలబడ్డ సార్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఒక్కడే, వరండాలో, స్టూలు మీద, పన్నెండేళ్ల తర్వాత నవ్వాడు. ఎర్రరంగు డబ్బా మూత పెట్టేశాడు.

ముప్పై ఒకటిన మైదానంలోనే సభ. శ్రీలత మేడం పొద్దున్నే సున్నంతో కబడ్డీ గీతలు గీసింది. ఎందుకని అడిగితే "మొగిలి గియ్యమన్నడు" అంది. విజయ్‌కుమార్ ఇరవై అడుగుల ఫ్లెక్సీ తెచ్చి కట్టాడు. అందులో చంద్రమౌళి సార్ ఫొటోకు కంప్యూటర్లో జుట్టు పెట్టించాడు. సార్ దాన్ని చూసి మురిసిపోయాడు. "చెప్పిన్నా లేదా? వాయిదా పడ్డది గింతే, మల్ల వచ్చింది."

సునీత మేడం బోర్డు మీద గుడ్డ తొలగించింది. మెరిసే తెల్ల అక్షరాలు. డెబ్బైనాలుగు నుంచి అన్నీ ఉన్నాయి. పదమూడు ఎదురుగా 'వాయిదా' అనే ఉంది. అట్టడుగున ఒక కొత్త లైను చేరింది. ఆమె బిగ్గరగా చదివింది.

"రెండు వేల ఇరవై ఐదు. చంద్రమౌళి సార్ రిటైర్మెంట్... వాయిదా."

పిల్లలు చప్పట్లు కొడుతుంటే శోభారాణి గారు నెత్తి కొట్టుకుంది. "అయ్యో, ఇంటికి పంపియ్యరా ఏంది ఈయన్ని?"

సార్ మైకు దగ్గరికి వచ్చాడు. వెంటనే ముందు వరసలోంచి విజయ్‌కుమార్ లేచాడు.

"సార్, ఇయ్యాల ఆఖరి రోజు. దిల్‌మీద చెయ్యేసి చెప్పుండ్రి. రెండు వేల పదమూడుల ఏమైంది?"

సార్ బోర్డు వైపు చూశాడు. మొగిలి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"చెప్త. ఇగ చెప్పాలె. ఆ రోజు మొగిలి ఓడలే. 'కూర్చో' అన్నది నేను. గీత మీద నిలబడ్డది నేను. ఓడినోడు ఎవడన్న ఉంటే..."

మాట వచ్చేస్తోంది. పన్నెండేళ్లుగా మొగిలి ఎదురుచూసిన మాట సార్ పెదవుల మీదికి వచ్చేసింది.

"కబడ్డీ!"

అందరూ తిరిగారు. మొగిలి కోర్టులో ఉన్నాడు. మిల్లు వాళ్ల వైపు, మధ్యగీతకు జానెడు ఇవతల, ప్యాంటుకు తెల్లరంగు మరకలతో, చేతులు చాపి.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

"ఏం చేస్తాండు వీడు?" అన్నాడు విజయ్‌కుమార్.

చంద్రమౌళి సార్‌కు ఒక్క క్షణం పట్టింది. తర్వాత మైకు వదిలేసి, అరవై ఒక్క ఏళ్ల మనిషి, మెడలో పూలదండ ఎగురుతుండగా, పరుగెత్తుకొచ్చి సరిగ్గా మధ్యగీత మీద నిలబడ్డాడు. సార్ కదలగానే బడి మొత్తం అలవాటు ప్రకారం లేచి నిలబడింది.

"నమస్తే సార్!"

కోటగోడ తిరిగి పలికింది. మొగిలి ఎముకల్లోంచి ఆ మాట గొంతుదాకా వచ్చి ఆగింది. రంగుల వాసన పీల్చిన ఊపిరితిత్తులకు దమ్ము చాలక ముఖం ఎర్రబడుతోంది. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ."

సార్ వాడి కళ్లలోకి చూశాడు. మెల్లగా రెండు చేతులూ జోడించాడు.

"నమస్తే మొగిలీ," అన్నాడు.

"కబడ్డీ!" అని మొగిలి గీత మీద కాలు వేశాడు.

సార్ ఈల ఊదాడు. ఎంత గట్టిగా ఊదాడంటే దండలోని బంతిపూలు రెండు రాలిపోయాయి. "రెండు పాయింట్లు! ముప్పై ఒకటి, ముప్పై! ఇగ కూర్చో బిడ్డా."

మొగిలి కూర్చున్నాడు. ఈసారి గీత దాటి, తమ వైపు. నిజానికి ఆయాసంతో పడిపోయాడు, కానీ చూసేవాళ్లకు కూర్చున్నట్టే ఉంది.

"ఇది చెల్లది!" విజయ్‌కుమార్ కోర్టులోకి ఉరికొచ్చాడు. "రైడ్ అంటే ముప్పై సెకన్లు! పన్నెండేండ్ల రైడ్ ఏడుంటది? నేను ఒప్పుకోను! అప్పీల్ చేస్త!"

సార్ గంభీరంగా తలూపాడు. "చెయ్యి నాయినా. కాయితం మీద రాసియ్యి. విచారణ..."

ఆయన పూర్తి చేయనక్కర్లేకపోయింది. నాలుగు వందల మంది పిల్లలు ఒక్క గొంతుతో అన్నారు.

"వాయిదా!"

విజయ్‌కుమార్ కాసేపు కోపంగా చూశాడు. తర్వాత వాడికే నవ్వొచ్చి, కింద కూర్చున్న మొగిలికి చెయ్యందించాడు. "లేవుండ్రి మొగిలి గారూ. మీతోని అయ్యేటట్టు లేదు."

మర్నాడు శనివారం. తొమ్మిదింటికి శ్రీలత మేడం పిల్లల్ని మైదానంలోకి తెచ్చేసరికి మెడలో ఈలతో చంద్రమౌళి సార్ అక్కడే ఉన్నాడు.

"సార్, మీరు నిన్న రిటైరైండ్రు గద!"

సార్ వేలెత్తి వరండా వైపు చూపించాడు. "ఆ బోర్డు సదువు బిడ్డా."

ఆమె చదవలేదు. ఇద్దరు పిల్లల్ని పిలిచింది. "రెక్కలు పట్టి సార్‌ను పక్కకు జరుపుండ్రి. గీత మీద నిలబడ్డడు."